లాటిన్ విభక్తులు బుర్రకెక్కట్లేదు, తెలుగులో ఎవరైనా చెప్పగలరా?

మడచెట్టు:

అందరికీ నమస్తే. నాది బోటనీ, ఎమ్మెస్సీ రెండో ఏడాది, ప్రాజెక్టు కోరింగ మడ అడవుల మీద. మొక్కల పాత వర్ణనలన్నీ లాటిన్‌లో ఉంటాయి కదా, 1935 నుంచి 2011 చివరిదాకా కొత్త మొక్కకి పేరు పెట్టాలంటే లాటిన్ వర్ణన ఉండి తీరాలనే రూలు కూడా ఉండేది, 2012 నుంచే ఇంగ్లీషులో రాసినా చెల్లుతోంది. అందుకని నాలుగు ముక్కలు చదవగలిగితే చాలనుకుని ఒక ఇంగ్లీషు పుస్తకం పట్టుకుని మొదలుపెట్టాను. రోజూ అమలాపురం నుంచి కాకినాడ బస్సులో, ముమ్మిడివరం దాటాక సీటు దొరికితే చదువుతాను, ఎదుర్లంక వంతెన ఎక్కేసరికి మూసేస్తాను, ఎందుకంటే అప్పటికి తల తిరిగిపోతుంది.

సమస్య అంతా ఈ కేసుల దగ్గరే. పుస్తకం ఏమంటుందంటే నామినేటివ్ అంటే సబ్జెక్టు, అక్యూజేటివ్ అంటే ఆబ్జెక్టు, జెనిటివ్ అంటే 'ఆఫ్', డేటివ్ అంటే 'టు' లేక 'ఫర్', అబ్లేటివ్ అంటే 'బై, విత్, ఫ్రమ్, ఇన్, ఆన్'. ఆ చివరిది చూడండి, అది అర్థమా, సంతలో సామాన్ల లిస్టా? పైగా టేబుల్లో 'అమ్మమ్మ' అనే మాట తీసుకుంటే అవియ, అవియై, అవియై, అవియమ్, అవియా అని ఉంది. రెండూ మూడూ ఒకటే. బహువచనం మొదటిది కూడా మళ్ళీ అవియై. మూడు పనులకి ఒకే రూపం పెట్టుకుని ఆ రోమన్లు ఎలా మాట్లాడుకున్నారో నాకు అర్థం కావట్లేదు.

బట్టీ పట్టేస్తాను, అది కాదు టెన్షన్. ఈ రూపాలు ఎందుకున్నాయి, ఏం పని చేస్తున్నాయి అన్నది తెలియాలి. స్కూల్లో డుమువులు చదివాను, పదికి పది మార్కులు కూడా వచ్చాయి, కానీ అదీ పద్యంలా అప్పజెప్పడమే తప్ప ఎప్పుడూ అర్థం చేసుకోలేదు.

తణుకు అబ్బాయి:

చాలా సింపుల్ అండి. మన విభక్తులే. ప్రథమ నామినేటివ్, ద్వితీయ అక్యూజేటివ్, చతుర్థి డేటివ్, షష్ఠి జెనిటివ్, సంబోధన వొకేటివ్, మిగిలిన తృతీయ, పంచమి, సప్తమి మూడూ కలిపి అబ్లేటివ్. నేను సంస్కృతం సెకండ్ లాంగ్వేజ్, రాముడి రూపాలు ఇప్పటికీ నిద్రలో లేపినా చెప్తాను. అలా ఒక దాని మీద ఒకటి అంటించేసుకోండి, అయిపోతుంది.

పాత పంతులు:

తణుకు బాబు సంస్కృతం వరకు చెప్పింది నిజమే. సంస్కృతానికీ లాటిన్‌కీ తాతముత్తాతలు ఒకళ్ళే కాబట్టి అక్కడ అంటుకుంటుంది. కానీ అడిగిన అమ్మాయి తెలుగు విభక్తులు చదువుకుంది, అదే పద్ధతిలో తెలుగు మీద అంటిస్తే మొదటి వాక్యంలోనే పడిపోతుంది. నేను రాజోలు తాలూకాలో ముప్ఫై ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యాను, లాటిన్ రిటైరయ్యాక సరదాకి నేర్చుకున్నాను, ఈ గోతిలో నేనూ పడ్డాను కనుక చెబుతున్నా.

అమ్మా, మన బళ్ళో చెప్పే పట్టిక ఒకసారి గుర్తు చేసుకో. కొఱకు, కై చతుర్థి. కి, కు, యొక్క, లో, లోపల షష్ఠి. చూశావా, 'కు' ఎక్కడుందో? షష్ఠిలో. బాలవ్యాకరణం అక్కడే పెట్టింది, మనమూ అక్కడే చదివాం. ఇప్పుడు 'అమ్మమ్మకి చేప ఇచ్చాడు' అన్నది తీసుకో. ఇచ్చేది ఎవరికో చెప్పేది డేటివ్, ఆ పేరుకే 'ఇచ్చే' అని అర్థం. తెలుగులో దానికి మనం వాడేది 'కి'. అది పట్టికలో షష్ఠి. షష్ఠి అంటే జెనిటివ్ అని అంటించుకున్న పిల్ల ఏం చేస్తుంది? అమ్మమ్మకి అన్నదాన్ని జెనిటివ్‌లో పెడుతుంది. అవియ అనే మాటకి రెండు రూపాలూ ఒకటే కాబట్టి అక్కడ అదృష్టం బాగుండి బయటపడుతుంది, తాత దగ్గరికొచ్చేసరికి దొరికిపోతుంది. తాతకి అంటే అవో, తాత యొక్క అంటే అవీ. వేరు వేరు.

అందుకని విభక్తి పేర్లు కాసేపు పక్కన పెట్టి కారకాలు పట్టుకో. పని చేసేవాడు కర్త. పని ఎవరి మీద పడుతుందో అది కర్మ. దేనితో చేశాడో అది కరణం. ఎవరికి ఇచ్చాడో సంప్రదానం. ఎక్కడినుంచి విడిపోయిందో అపాదానం. ఎక్కడ జరిగిందో అధికరణం. ఈ ఆరూ పనులు. విభక్తి అనేది ఆ పనికి తొడిగిన చొక్కా. పనులు ఏ భాషలోనైనా ఇవే ఉంటాయి, చొక్కాలే మారతాయి. లాటిన్ వాడికి బట్ట తక్కువైంది, కరణానికీ అపాదానానికీ అధికరణానికీ కలిపి ఒకే చొక్కా కుట్టించాడు. అదే నీ అబ్లేటివ్. ఒకప్పుడు ఆ మూడింటికీ మూడు వేర్వేరు రూపాలుండేవి, సంస్కృతంలో ఇంకా ఉన్నాయి, లాటిన్‌లో కలిసిపోయాయి. నీ పుస్తకంలో ఆ సామాన్ల లిస్టు అందుకే. పేరు మాత్రం అపాదానం నుంచే వచ్చింది, అబ్లేటివ్ అంటే 'తీసుకుపోయేది' అని.

అధికరణం పాత రూపం పూర్తిగా చావలేదు కూడా. దొమీ అంటే ఇంట్లో, రూరీ అంటే పల్లెలో, రోమై అంటే రోములో. ఊళ్ళ పేర్లకీ, చిన్న లంకలకీ, ఇంకో రెండు మూడు మాటలకీ మిగిలింది.

ఊళ్ళ పేర్లన్నాను కదా, ఇది మన గోదావరోళ్ళు తప్పకుండా చూడాలి. లాటిన్‌లో మామూలుగా ఒక చోటికి వెళ్ళామంటే ముందు ఒక ఉపసర్గ లాంటి మాట పెట్టాలి. ఊరి పేరైతే అక్కర్లేదు, రోమమ్ అని ద్వితీయలో పెట్టేసి వెళ్ళాను అంటే చాలు. మనం? 'బడికి వెళ్ళాను, చేలోకి వెళ్ళాను' అంటాం, కానీ 'అమలాపురం వెళ్ళాను, కాకినాడ వెళ్తున్నా' అంటాం. కి పెట్టం. పెడితే తప్పేం కాదు గానీ ఎవరూ పెట్టరు. చుట్టరికం లేని రెండు భాషలు ఊళ్ళ పేర్లకి ఒకేలా మినహాయింపు ఇచ్చాయి, ఎందుకో తర్వాత ఆలోచించుకుందాం.

ఇంకోటి. నువ్వు ఇంగ్లీషు మీదుగా వెళ్ళడం వల్ల కష్టపడుతున్నావు. 'నాకు పుస్తకం ఉంది' అని లాటిన్ వాడూ అచ్చం అలాగే అంటాడు, మిహి లిబెర్ ఎస్త్. మిహి అంటే నాకు. 'నాకు నచ్చింది' అనడానికి మిహి ప్లకెత్. అక్కడ కూడా నాకే. ఇంగ్లీషులో ఐ హ్యావ్, ఐ లైక్ అని మనిషిని కర్తని చేసి, లాటిన్‌లో డేటివ్ ఎందుకొచ్చిందో రెండు పేజీలు వివరించాల్సి వస్తుంది. మనకి ఆ రెండు పేజీలు అనవసరం, చింపేయొచ్చు.

డిక్షనరీలో ప్రతి నామవాచకానికీ రెండు రూపాలు ఎందుకిస్తారో తెలుసా? ఫ్లూమెన్, ఫ్లూమినిస్ అని. నది, నది యొక్క. రేక్స్, రేగిస్. రాజు, రాజు యొక్క. ప్రయాణమైతే ఇతెర్, ఇతినెరిస్. మొదటిది చూసి రెండోది ఊహించలేం. మనదీ అదే వరస. ఇల్లు, కానీ ఇంటికి, ఇంట్లో, ఇంటి మీద. ఇల్లుకి అనం. ఏరు, ఏటికి. చెయ్యి, చేతికి. తెలుగు నేర్చుకునే తమిళ కుర్రాడికి 'ఇల్లు, ఇంటి' అని జంటగా నేర్పితే తప్ప రాదు. ఔపవిభక్తికాలు అని చదివావు చూడు, అవే. లాటిన్ డిక్షనరీలో రెండో రూపం అంటే అదన్నమాట, ప్రత్యయాలు అతుక్కునే మొదలు దాంట్లో కనిపిస్తుంది. ఎప్పుడూ జంటగానే నేర్చుకో, ఒక్కటే నేర్చుకుంటే తర్వాత మళ్ళీ మొదటికి రావాలి.

ఇక మూడు పనులకి ఒకే రూపం అన్నావు. దానికి జవాబు, వాక్యంలో క్రియ ఉంటుంది కదా. 'దత్' అంటే ఇస్తాడు. ఇస్తాడు అన్నాక ఎవరికో ఒకరికి ఇవ్వాలి, కాబట్టి అవియై కనబడగానే అమ్మమ్మకి అని చెవికి తెలిసిపోతుంది. అయినా అనుమానమొస్తే ఆ మాటని బహువచనం చేసి చూసుకో: అమ్మమ్మలకి అవియీస్, అమ్మమ్మల అవియారుమ్. లేదా అమ్మమ్మ తీసేసి తాతని పెట్టు. నేను ఇప్పటికీ తాతని పెట్టే తేల్చుకుంటాను.

మడచెట్టు:

మాస్టారూ, 'కు' షష్ఠిలో ఉందన్న సంగతి ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తట్టలేదు, వరసగా అప్పజెప్పేశానే గానీ. ఇల్లు-ఇంటి దగ్గర మాత్రం బస్సులో గట్టిగా 'అబ్బా' అన్నాను, పక్కావిడ ఏమైందమ్మా అని కంగారు పడింది.

ఒక్క డౌటు. టేబుల్లో మొదటిది అవియ, చివరిది అవియా. పుస్తకంలో చివరి అక్షరం మీద చిన్న గీత ఉంటుంది, కానీ అసలు పాత వర్ణనల్లో గీతలే లేవు, రెండూ ఒకేలా అచ్చేశారు. ఎలా?

పాత పంతులు:

గీతలు పాఠాలు చెప్పేవాళ్ళ సౌకర్యానికి, మామూలు అచ్చులో ఉండవు. నోట్సు తెలుగు లిపిలో రాసుకో. నేను అలాగే చేశాను. వాళ్ళ లిపిలో హ్రస్వానికీ దీర్ఘానికీ ఒకటే అక్షరం, మన దగ్గర అ-ఆ వేరు, ఇ-ఈ వేరు, ఎ-ఏ వేరు, ఒ-ఓ వేరు. దేవనాగరికి కూడా ఆ చివరి రెండు జంటల దగ్గర తడబాటే, మనకి లేదు. అవియ అంటే అమ్మమ్మ, కర్త. అవియా అంటే అబ్లేటివ్. చెవిలో ఎంత తేడా ఉందో కాగితం మీదా అంతే తేడా ఉంటుంది. నాలుగు నెలలు అలా రాసుకుంటే తర్వాత గీత లేకపోయినా నోరే దీర్ఘం తీస్తుంది.

మందుల కొట్టు:

నాకు లాటిన్ రాదు గానీ రోజుకి వంద చీటీలు చదువుతాను, భీమవరంలో మెడికల్ షాపు. చీటీలో బీడీ, టీడీఎస్, ఏసీ, పీసీ, హెచ్ఎస్, ఎస్ఓఎస్ ఇవన్నీ లాటిన్ అని డీఫార్మసీలో చెప్పారు, పూర్తి మాటలు కూడా బట్టీ పట్టించారు. బీడీ అంటే బిస్ దియే, రోజుకి రెండుసార్లు. టీడీఎస్ అంటే తెర్ దియే సూమెన్దుమ్, మూడుసార్లు వేసుకోవాలి. ఏసీ అన్తె కిబుమ్, తిండికి ముందు. పీసీ పొస్త్ కిబుమ్, తిన్నాక. హెచ్ఎస్ హోరా సొమ్నీ, పడుకునే ముందు. ఎస్ఓఎస్ సీ ఒపుస్ సిత్, అవసరమైతేనే. మొన్న ఒకాయన చీటీ తెచ్చి 'ఏసీ అని రాశారు, ఈ టానిక్ ఏసీ గదిలోనే పెట్టాలా, మాకు ఫ్యాన్ తప్ప లేదండీ' అన్నాడు. నవ్వు ఆపుకుని తిండికి ముందండీ అని చెప్పి పంపాను.

ఇప్పుడు ఈ థ్రెడ్ చూశాక డౌటొచ్చింది. కిబుమ్‌కి చివర 'ఉమ్', దియేకి 'ఏ', సొమ్నీకి 'ఈ' ఎందుకు? ఇన్నేళ్ళు అమ్మాను గానీ ఎప్పుడూ అడగలేదు.

తణుకు అబ్బాయి:

ఇది నేను చెప్పొచ్చా మాస్టారూ, పొద్దున్న బోల్తా పడ్డందుకు. అన్తె, పొస్త్ అనేవి ముందు-తర్వాత అనే మాటలు, వాటి పక్కన వచ్చేది ద్వితీయలో ఉండాలి, అందుకే కిబుస్ కాస్తా కిబుమ్. సొమ్నీ అంటే నిద్ర యొక్క, జెనిటివ్. హోరా అంటే వేళలో, అది అబ్లేటివ్, అందుకే దీర్ఘం. కలిపితే 'నిద్రవేళన'. మన 'న' సప్తమే కదా. ఈ హోరా, పంచాంగంలో హోర ఒకటే మాట, రెండు చోట్లకీ గ్రీకు నుంచే వచ్చింది.

దియే దగ్గర మాత్రం జాగ్రత్త. తెలుగులో 'రోజుకి రెండుసార్లు' అంటాం, కి ఉంది కదా అని డేటివ్ అనుకుంటాం. అది డేటివ్ కాదు, కాలం చెప్పే అబ్లేటివ్.

పాత పంతులు:

బాగా చెప్పావు బాబూ. పొద్దున్నది మాఫీ.

యానాం పిల్ల:

మా నాన్నమ్మకి ఎనభై దాటాయి, ఆర్సీఎం, అంటే రోమన్ కాథలిక్. చిన్నప్పుడు యానాంలో గుడిలో పూజంతా లాటిన్‌లోనే జరిగేదట, 1960ల్లో వాటికన్ మహాసభ తర్వాత తెలుగులోకి వచ్చింది. ఆవిడకి లాటిన్‌లో ఒక్క ముక్కకీ అర్థం తెలీదు, రాగం మాత్రం ఇప్పటికీ తప్పదు. ఈ థ్రెడ్ చదువుతూ పక్కన కూర్చుని అడిగితే 'ఇన్ నోమినె పాత్రిస్ ఎత్ ఫీలియీ ఎత్ స్పీరితూస్ సాంక్తీ' అని అందుకుంది. ఇదే మేము తెలుగులో 'పిత పుత్ర పవిత్రాత్మ నామమున' అంటాం. మాస్టారు చెప్పిన ప్రకారం పెట్టి చూశాను: పాత్రిస్, ఫీలియీ, స్పీరితూస్ సాంక్తీ మూడూ జెనిటివ్, తండ్రి యొక్క, కుమారుని యొక్క, పవిత్రాత్మ యొక్క. నోమినె అబ్లేటివ్, నామము'న'. తెలుగులో యొక్క అనకుండానే సరిపోయింది, కానీ 'న' మాత్రం సరిగ్గా అక్కడే కూర్చుంది. కరెక్టేనా?

ఇంకోటి అడగాలి. ఫాదర్ 'దోమినుస్ వోబీస్కుమ్' అంటే జనం 'ఎత్ కుమ్ స్పీరితూ తూఓ' అనేవారట. ప్రభువు మీతో, నీ ఆత్మతో కూడా అని. రెండిట్లోనూ కుమ్ ఉంది, 'తో' అనుకుంటా. ఒకసారి వెనక అతికింది, ఒకసారి ముందు నిలబడింది. నాన్నమ్మని అడిగితే 'దేవుడి మాటలకి ముందూ వెనకా ఏంటే' అని కసిరింది.

పాత పంతులు:

మీ నాన్నమ్మగారికి నా నమస్కారాలు. నువ్వు చెప్పిందంతా కరెక్టే. కుమ్ అంటే తోడుగా అనే 'తో'. మామూలు మాటలకి ముందొస్తుంది, కుమ్ స్పీరితూ. నేను, నువ్వు, మీరు లాంటి సర్వనామాలైతే మాత్రం వెనక అతుక్కుంటుంది. మేకుమ్ నాతో, తేకుమ్ నీతో, వోబీస్కుమ్ మీతో. మన తెలుగు మాట పెట్టినట్టే పెట్టాడు చూడు, మీ తర్వాత తో. ఆ ఒక్క చోటే.

మడచెట్టుకి కూడా పనికొచ్చేది ఇంకోటుంది. 'ఇన్' అనే మాట అబ్లేటివ్‌తో వస్తే లో, ద్వితీయతో వస్తే లోకి. ఇన్ అక్వా అంటే నీళ్ళలో, ఇన్ అక్వమ్ అంటే నీళ్ళలోకి. పడవ నీళ్ళలో ఉంది, పిల్లాడు నీళ్ళలోకి దూకాడు. అలాగే కింద, కిందికి. ఇంగ్లీషు పుస్తకాలు 'స్థితి', 'గమనం' అని దీనికి ఓ అధ్యాయం రాస్తాయి. మనకి 'కి' ఒక్కటి తగిలిస్తే అయిపోయింది.

లంక గాలి:

ఫోన్ చూపిస్తే ట్రాన్స్‌లేట్ చేసి పెట్టే రోజుల్లో ఈ బాధంతా ఎందుకండీ. చచ్చిపోయిన భాష కోసం బతికున్న బస్సులో తల తిప్పుకోవడం.

మడచెట్టు:

చేసి చూశానండి. ఒక మొక్క వర్ణన ఇస్తే ఆకుల గుణం కాస్తా పూలకి అంటించింది. ఏ విశేషణం ఏ మాటదో తెలియాలంటే చివర్లు చూడ్డమే గతి. అదీగాక మీరన్న బస్సు ఎక్కడిదనుకుంటున్నారు? నిన్నే పుస్తకంలో చదివాను, ఓమ్నిబుస్ అంటే 'అందరికీ', అది డేటివ్ బహువచనం. ఫ్రాన్స్‌లో జనాన్నందరినీ ఎక్కించుకునే బండికి ఆ పేరు పెట్టారు, తర్వాత మొదలంతా రాలిపోయి చివరి 'బస్' మిగిలింది. అంటే నేను రోజూ ఎదుర్లంక వంతెన దాటేది ఒక విభక్తి ప్రత్యయం ఎక్కి.

తణుకు అబ్బాయి:

ఆయ్! ఇది అదిరింది. ఆ 'బుస్' మన రామేభ్యః లోని 'భ్యః'కి చుట్టం. సంస్కృతంలో భ్యః చతుర్థి బహువచనానికీ పంచమి బహువచనానికీ ఒకటే, లాటిన్‌లో బుస్ కూడా డేటివ్‌కీ అబ్లేటివ్‌కీ ఒకటే. తణుకు బస్టాండులో ఈ విషయం చెప్తే కండక్టరు టికెట్ కొట్టడు.

మడచెట్టు:

సరే, హోంవర్క్ చేశాను. వరద నీళ్ళొచ్చాయి, మా ఊళ్ళో అంతా పులస మాటే కాబట్టి దాని మీదే రాశాను, పులసకి లాటిన్ లేదు కనుక చేపతో సరిపెట్టాను. 'జాలరి గాలంతో చేప పడతాడు, అమ్మమ్మకి ఇస్తాడు.'

పిస్కాతొర్ కుమ్ హామో పిస్కిస్ కపిత్, ఎత్ అవియై దత్.

పులసని గాలంతో పట్టరు, వలతో పడతారు అని ఎవరూ అనకండి, వల రూపాలు నాకింకా రాలేదు.

పాత పంతులు:

వల సంగతి నేను అనబోతున్నాను, సరే వదిలేశాను. అవియై దత్, భేష్. రెండు తప్పులున్నాయి, రెండూ తెలుగు వల్ల వచ్చిన తప్పులే, అందుకని తిట్టబుద్ధి కావట్లేదు.

మొదటిది, పిస్కిస్. తెలుగులో 'చేప పట్టాడు' అంటాం, చేపని అనక్కర్లేదు. ప్రాణం లేనివాటికైతే మన వ్యాకరణంలోనే వెసులుబాటు ఉంది, జడానికి ద్వితీయ బదులు ప్రథమ రావచ్చని, 'పుస్తకం చదివాను' అంటాం కదా. చేప బతికున్నదే అయినా కూరలోకి వెళ్ళేదాన్ని మనం ఎప్పుడో జడం కింద జమకట్టేశాం. లాటిన్‌లోనూ నపుంసకలింగం మాటలకి ప్రథమ, ద్వితీయ ఒకటే రూపం, కాబట్టి అక్కడా ఆ వెసులుబాటు ఉందనిపిస్తుంది. కానీ వాళ్ళ లింగం వస్తువుని బట్టి కాదు, మాటని బట్టి. నీళ్ళు స్త్రీలింగం. చేప పుంలింగం. కాబట్టి పిస్కెమ్ అనాల్సిందే. నువ్వు రాసినట్టు చదివితే చేప కూడా కర్తే, జాలరీ చేపా కలిసి ఏదో పట్టుకున్నట్టుంటుంది.

రెండోది, కుమ్ హామో. మన 'తో' రెండు పనులు చేస్తుంది. 'తమ్ముడితో వెళ్ళాను', 'కత్తితో కోశాను'. మొదటిది తోడు, రెండోది కరణం. లాటిన్ వాడు తోడుకి కుమ్ పెడతాడు, పనిముట్టుకి ఉత్త అబ్లేటివ్ చాలంటాడు. కుమ్ హామో అంటే గాలాన్ని పక్కన కూర్చోబెట్టుకుని చేపల వేటకి వెళ్ళినట్టు. హామో అని ఒక్క మాట రాసి ఊరుకో. ఇక 'చేత' ఉంది చూడు, 'గురువు చేత చెప్పబడినది', దానికి 'ఆ' అనో 'అబ్' అనో ముందు పెట్టాలి, ఎందుకంటే అక్కడున్నది మనిషి, పనిముట్టు కాదు. చేత, తో రెండూ తృతీయ అని మనం ఒకే వరసలో అప్పజెప్పేస్తాం, తేడా పట్టించుకోం.

పిస్కాతొర్ హామో పిస్కెమ్ కపిత్, ఎత్ అవియై దత్. మాటల వరస ఎటు మార్చినా అర్థం చెడదు, తెలుగులాగే. పిస్కెమ్ ముందు పెడితే 'చేపనే' అని కాస్త ఒత్తి చెప్పినట్టు ఉంటుంది, అంతే.

మందుల కొట్టు:

మాస్టారూ, ఒక్క ప్రశ్న, మీ క్లాసు పాడు చెయ్యను. మొక్కల పేర్లలో రాక్స్‌బర్గీ అని వస్తుంది కదా, మా ఆయుర్వేదం మందుల డబ్బాల మీద చూశాను, అది కూడా ఇదేనా?

మడచెట్టు:

ఇది నా సబ్జెక్టు, నేను చెప్తాను. అవునండి, జెనిటివ్. పుత్రజీవి చెట్టు పేరు పుత్రాంజీవ రాక్స్‌బర్గియీ, అంటే రాక్స్‌బర్గ్ యొక్క పుత్రజీవి. ఆ దొర మన సామర్లకోటలోనే ఉండి తోట పెట్టి మొక్కలు పెంచాడు, 1793లో కలకత్తా తోటకి వెళ్ళిపోయాడు. ఆయన పేరుని లాటిన్ మాటలా రాక్స్‌బర్గియుస్ చేసి, దానికి 'యొక్క' తగిలించారు. ఆడవాళ్ళ పేరైతే చివర 'ఐ' వస్తుంది, బ్యాంక్స్ దొరసాని పేరు మీదున్న గులాబీ రోస బ్యాంక్సియై, మన అవియై లాగా.

కానీ అన్నీ అలా కాదు. వరి ఒరీజ సతీవ, ముల్లంగి రాఫనుస్ సతీవుస్, వెల్లుల్లి అల్లియుమ్ సతీవుమ్. సతీవ అంటే సాగు చేసేది అని, విశేషణం. ముందున్న మాట లింగాన్ని బట్టి చివర మారింది. తెలుగులో 'మంచి' ఎవరి పక్కన పెట్టినా మంచే, మంచి అబ్బాయి, మంచి అమ్మాయి, మంచి ఊరు. ఇది మాత్రం మనకి కొత్త, ఇక్కడ తెలుగు సాయం రాదు.

పాత పంతులు:

అలా చెప్పు. అక్కడ ఇంకో చిక్కు కూడా ఉంది, విభక్తి కలవాలి గానీ చివరి అక్షరాలు ప్రాసలా కలవాలని లేదు. నీ వర్ణనల్లో తగిలే ఉంటుంది.

మడచెట్టు:

తగిలింది మాస్టారూ, ఇప్పుడే, బస్సులోనే. 'ఫొలియీస్ ఓవాతీస్, ఫ్లోరిబుస్ లూతెఈస్'. మొదటి జంట వెంటనే వచ్చింది, రెండూ ఈస్, కోడిగుడ్డు ఆకారం ఆకులతో. రెండోది చూసి బుస్‌కీ ఈస్‌కీ పొత్తు కుదరదనుకుని లూతెఈస్‌ని కూడా తీసుకెళ్ళి ఆకులకే కలిపేశాను, పసుపు ఆకులతో అని. ఫోన్ చేసిన తప్పే నేనూ చేశాను. తర్వాత తట్టింది, పూలు వేరే గుంపు మాట, పసుపు వేరే గుంపు మాట, చొక్కా కుట్టు వేరైనా రెండూ అబ్లేటివ్ బహువచనమే. పసుపు పూలతో. మన నల్లమడ పూలు కూడా పసుపే కదా.

'తో' అన్నాను గానీ ఇది తోడూ కాదు, పనిముట్టూ కాదు. మొక్క పూలతో ఏమీ చెయ్యట్లేదు, ఊరికే పూసి నిలబడింది. దీన్ని ఏ కారకం కింద వెయ్యాలి?

పాత పంతులు:

ఏ కారకమూ కాదమ్మా. 'పొడుగు జుట్టుతో ఒకావిడ వచ్చింది' అంటాం చూడు, ఆ తో. ఆవిడ జుట్టుతో పని చెయ్యలేదు, జుట్టుని వెంటేసుకుని రాలేదు, అది ఆవిడ ఆనవాలు. సంస్కృతం వాళ్ళు కూడా దీనికి తృతీయే వాడతారు, జటలతో తాపసుడు అని. రేపు వల రూపాలు నేర్చుకునిరా, పులసని గాలంతో పట్టిన పాపం నీకెందుకు.